ఇంజన్ మార్చిన ఆర్‌ఎక్స్-7కు ఏ క్లచ్ వేయించాలి?

అమెరికాలో డాలస్ నగరానికి దగ్గరలో ఉంటున్న ఒక పాఠకుడు, పేరు బయటపెట్టవద్దన్న షరతుతో, తన కారు గురించి వివరంగా ఉత్తరం రాశారు. ఆయన గత ఏడాది 1993 నాటి మాజ్డా ఆర్‌ఎక్స్-7 కొన్నారు. కొనేనాటికే అందులోని రోటరీ (పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లు ఉండే) ఇంజన్ తీసేసి, దాని స్థానంలో జనరల్ మోటార్స్ వారి 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 వీ8 ఇంజన్‌ను, టీ56 అనే ఆరు గేర్ల గేర్‌బాక్స్‌ను బిగించి ఉన్నారు. రెండూ 2000 నాటి కామారో నుంచి వచ్చాయని, క్లచ్ ‘స్టేజ్ 3’ రకమని అమ్మినవారు నోటిమాటగా చెప్పారు గాని కాగితాలేవీ ఇవ్వలేదు.

ఈ వేసవిలో ఇబ్బంది మొదలైంది. నాలుగో గేర్‌లో 2500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ ఒక్కసారిగా 3500 దాటిపోతోంది, కారు వేగం మాత్రం దాని వెంట పెరగడం లేదు, కాలిన వాసన కూడా వస్తోంది. అరగంట ట్రాఫిక్‌లో నడిచాక రివర్స్ గేర్ గరగరమంటోంది. సిగ్నల్ దగ్గర మొదటి గేర్ పడక మొరాయిస్తోంది. పెడల్‌ను రెండు మూడు సార్లు వరసగా తొక్కితే అప్పుడు పడుతోంది. పెడల్ మొదటి నుంచీ బరువే, ఈ మధ్య ఇంకా బరువెక్కింది. విజయవాడలో చాలా ఏళ్లు మాన్యువల్ కారు నడిపిన ఆయన శ్రీమతి దీన్ని ఒక్కసారి నడిపి, ఎడమ మోకాలు పట్టేసిందని తాళాలు తిరిగిచ్చేశారు.

సలహాలు మూడు రకాలుగా వచ్చాయి. ట్రాక్‌కు తోడు వచ్చే మిత్రుడు ఆరు పలకల సిరామిక్ క్లచ్ వేయించమన్నారు. ఒక వర్క్‌షాప్ వారు రెండు ప్లేట్ల క్లచ్, దానితో పాటు తేలికైన అల్యూమినియం ఫ్లైవీల్ (ఇంజన్ చివర తిరుగుతూ, క్లచ్ ప్లేటు ఆనుకునే చక్రం) తప్ప మరేదీ నిలవదన్నారు. ఇంకొకరు జనరల్ మోటార్స్ కంపెనీ వారి ఎల్‌ఎస్7 క్లచ్ చాలు, మిగతాదంతా డబ్బు దండగ అన్నారు. వారానికి రెండు రోజులు ఇదే కారులో ఆఫీసుకు వెళ్లడం, ఏడాదికి కొన్ని ట్రాక్ రోజులు, రెండేళ్లలో ఇంజన్ శక్తి పెంచేందుకు క్యామ్‌షాఫ్ట్ మార్చాలన్న ఆలోచన ఆయన లెక్కలో ఉన్నాయి. ‘ఈ కారు మీద పెద్ద ఖర్చుకు ఇదే ఆఖరి అనుమతి’ అని ఇంట్లో మాట వచ్చింది. ఫోర్ట్‌వర్త్ దగ్గర క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌లో వచ్చే నెలకు ట్రాక్ రోజు ఒకటి ముందే బుక్ అయి ఉంది. ఏది కొనాలి, ప్రస్తుతానికి ప్లేటు ఒక్కటి మార్చి నెట్టుకురావచ్చా అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ ప్రశ్న ఏ క్లచ్ కొనాలని. ఉత్తరంలో మీరు వర్ణించినవి మాత్రం రెండు వేర్వేరు ఫిర్యాదులు, అవి కూడా ఒకదానికొకటి ఎదురు దిక్కులో ఉన్నవి. నాలుగో గేర్‌లో ఇంజన్ ముందుకు పరిగెత్తి కారు వెనకబడటం అంటే క్లచ్ పట్టవలసినప్పుడు పట్టడం లేదు. వేడెక్కాక రివర్స్ గరగరమనడం, మొదటి గేర్ పడకపోవడం అంటే వదలవలసినప్పుడు పూర్తిగా వదలడం లేదు. ముగ్గురు సలహాదారులూ మొదటి ఫిర్యాదుకే జవాబు చెప్పారు. రెండోదాని జోలికి ఎవరూ వెళ్లలేదు. దాన్ని అలాగే వదిలేసి ఎంత ఖరీదైన క్లచ్ బిగించినా, వచ్చే వేసవిలో సిగ్నల్ దగ్గర మళ్లీ ఇదే గేర్ లివర్‌తో కుస్తీ పడతారు. అందుకని కొనుగోలు సంగతి కాసేపు పక్కన పెట్టి, కారు కింద ఏముందో ముందు తేల్చుకుందాం.

పెడల్‌ను వరసగా తొక్కితే గేర్ పడుతోందన్న మాట చాలా విలువైన ఆధారం. ప్లేటు అరిగినందువల్ల అలా జరగదు. పెడల్ నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ దాకా వెళ్లే ద్రవం చాలినంత దూరం నెట్టడం లేదని, రెండోసారి తొక్కినప్పుడు ఆ లోటు పూడుతోందని దాని అర్థం. లోపల గాలి చేరి ఉండవచ్చు, మాస్టర్ సిలిండర్ సీలు లోలోపల కారుతూ ఉండవచ్చు, లేదా ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడుతూ ఉండవచ్చు. వేడెక్కాకే జరుగుతోందంటున్నారు కాబట్టి నా అనుమానం చివరిదాని మీద ఎక్కువ. ఆర్‌ఎక్స్-7 ముందు భాగం చిన్న రోటరీ ఇంజన్ కోసం మలచినది. అందులో వీ8ను ఇరికించినప్పుడు ఎగ్జాస్ట్ గొట్టాలు క్లచ్ గొట్టానికి చాలా దగ్గరగా పోవడం మామూలే. కారు చల్లగా ఉన్నప్పుడు కింద దూరి ఆ రెంటి మధ్య ఎంత ఎడం ఉందో చూడండి. వేడిని ఆపే తొడుగు లేకపోతే వేయించండి. ద్రవం ఎప్పుడు మార్చారో తెలియదు కనుక మొత్తం తీసేసి కొత్త డాట్ 4 (బ్రేకు, క్లచ్ ద్రవాల్లో ఒక రకం) పోయించండి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 కనీసం 230 దాకా మరగకుండా నిలవాలన్నది ప్రమాణం, కాని తేమ పీల్చిన పాత ద్రవం అంతకు చాలా ముందే మరుగుతుంది.

క్లచ్ జారడానికి కూడా కొన్నిసార్లు ఈ హైడ్రాలిక్ (ద్రవంతో నడిచే) భాగమే కారణమవుతుంది. మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీని కాస్త పొడవుగా సర్దితే, పెడల్ పూర్తిగా పైకి వచ్చినా పిస్టన్ వెనక్కి పూర్తిగా రాదు; ద్రవం తిరిగి ట్యాంకులోకి పోయే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. ఇంజన్ వేడికి ద్రవం వ్యాకోచించి, ఎవరో పెడల్ మీద కాలు కొద్దిగా ఆనించి ఉంచినట్టుగా రిలీజ్ బేరింగ్‌ను నొక్కుతూ ఉంటుంది. మాజ్డా పెడల్‌కు వేరే కంపెనీ సిలిండర్ అమర్చిన మార్పిడి కార్లలో ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. పరీక్ష సులభం. పెడల్ పైభాగంలో చేతితో కదిపితే కొద్దిపాటి వదులు తగలాలి. అది లేకపోతే కడ్డీని సర్ది మళ్లీ నడిపి చూడండి. అప్పటికీ జారుతుంటే, కారు వేడిగా ఉండి జారుతున్నప్పుడే సురక్షితమైన చోట ఆపి, ఇంజన్ ఆపేసి, గాలి తీసే బ్లీడ్ స్క్రూ ఒక్క క్షణం వదులు చేసి బిగించండి. నొక్కి ఉన్న ఒత్తిడి బయటికి పోయి, ఆ తరువాత క్లచ్ గట్టిగా పట్టుకుంటే దోషం హైడ్రాలిక్‌లో ఉందన్నమాట. మార్పు లేకపోతే దోషం బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే గంట ఆకారపు డొప్ప) లోపల ఉంది. ఎగ్జాస్ట్ పక్కనే పని కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు మరవకండి.

లోపలే ఉందనుకుంటే రెండు అవకాశాలు. ఒకటి ప్లేటు అరిగిపోవడం. పెడల్ ఈ మధ్య ఇంకా బరువెక్కిందన్న మీ మాట దీనివైపే చూపుతోంది: డయాఫ్రమ్ స్ప్రింగ్ (ప్లేటును నొక్కే, వేళ్ల లాంటి రెక్కలున్న పళ్లెం స్ప్రింగ్) ఉండే క్లచ్‌లో ప్లేటు పలచబడేకొద్దీ స్ప్రింగ్ వేళ్లు గేర్‌బాక్స్ వైపు జరుగుతాయి, పెడల్ బిగుస్తుంది. అంటే మీ శ్రీమతి మోకాలికి తగిలిన బరువులో కొంత భాగం ఆ క్లచ్ స్వభావం కాదు, దాని ముసలితనం. రెండో అవకాశం నూనె. క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) వెనక సీలు నుంచి ఇంజన్ ఆయిలో, గేర్‌బాక్స్ ముందు సీలు నుంచి గేర్ ఆయిలో ప్లేటు మీద పడితే అది కొత్తదైనా జారుతుంది. బెల్ హౌసింగ్ అడుగున తడి ఉందేమో వేలితో తడిమి చూడండి. సీలు మార్చకుండా క్లచ్ మార్చడం అంత వృథా ఖర్చు మరొకటి ఉండదు.

ఇక కాగితాలు లేని సంగతి. మార్పిడి కార్లలో అమ్మినవారి మాట నమ్మి విడిభాగాలు తెప్పిస్తే, గేర్‌బాక్స్ కిందికి దించి కారు లిఫ్ట్ మీద ఉండగా తప్పు భాగం చేతిలో పట్టుకుని నిలబడవలసి వస్తుంది. ఎల్‌ఎస్1 బ్లాకు అల్యూమినియం. దాని పక్కన పెట్టిన అయస్కాంతం అంటుకుంటే అది ఇనుప బ్లాకు, బహుశా ట్రక్కు నుంచి వచ్చిన ఇంజన్. అది నేరమేమీ కాదు, మంచి ఇంజన్లే, కాని 1999, 2000 నాటి కొన్ని ట్రక్కు ఇంజన్ల క్రాంక్ చివరి అంచు 10 మిల్లీమీటర్ల మేర పొడవుగా ఉంటుంది. ఫ్లైవీల్ ఉండే స్థానం, దానితో రిలీజ్ బేరింగ్ దూరం, అన్నీ మారిపోతాయి. క్రాంక్‌కు ఫ్లైవీల్ ఆరు బోల్టులతో ఉందా, గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద పళ్లు 26 ఉన్నాయా అన్నవి కూడా గేర్‌బాక్స్ దించిన రోజునే లెక్కపెట్టించి, ఆ తరువాతే ఆర్డర్ పెట్టండి. దీనివల్ల కారు నాలుగు రోజులు ఎక్కువ నిలిచినా ఫరవాలేదు.

ఇప్పుడు మీరడిగిన ఎంపికకు వద్దాం. చాలామంది హార్స్‌పవర్ చూసి క్లచ్ కొంటారు. క్లచ్‌కు హార్స్‌పవర్‌తో పని లేదు, టార్క్‌తోనే, అంటే తిప్పే బలంతోనే పని. అది మోయగలిగిన టార్క్ నాలుగు అంకెల గుణకారం: రాపిడి గుణకం, ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్ధం, రాపిడి ముఖాల సంఖ్య. ఉదాహరణకు రాపిడి గుణకం 0.3, నొక్కే బలం 9000 న్యూటన్లు, సగటు వ్యాసార్ధం 0.12 మీటర్లు, ఒకే ప్లేటు కనుక ముఖాలు రెండు అనుకుంటే 648 న్యూటన్ మీటర్లు వస్తుంది. మార్కెట్‌లో ఉన్న రకరకాల క్లచ్‌లన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని పెంచినవే. ఏది పెంచారన్న దాన్ని బట్టి మీరు ఏ సుఖాన్ని వదులుకోవాలో తేలుతుంది. ‘స్టేజ్ 3’ వంటి పేర్లకు కంపెనీలన్నిటికీ వర్తించే ప్రమాణం లేదు. ఒకరి మూడో మెట్టు మరొకరికి రెండోది కావచ్చు. అడగవలసింది న్యూటన్ మీటర్లలోనో, పౌండ్ అడుగుల్లోనో అది ఎంత మోస్తుందన్న అంకె.

మీ అవసరం ఎంత? 2000 నాటి కామారోలో ఈ ఇంజన్‌కు కంపెనీ ప్రకటించిన టార్క్ 335 పౌండ్ అడుగులు, అంటే సుమారు 454 న్యూటన్ మీటర్లు. క్యామ్‌షాఫ్ట్ మార్చాక అది 400 పౌండ్ అడుగులకు, అంటే 542 న్యూటన్ మీటర్లకు చేరుతుందని ఉదారంగానే అనుకుందాం. ఆ పైన కొంత మిగులు పెట్టుకుంటే 630, 650 ప్రాంతంలో మోయగల క్లచ్ మీకు చాలు. 1000 మోయగలది కొంటే ఆ మిగిలిన 350 ఎప్పటికీ వాడుకోరు, దాని బరువు మాత్రం రోజూ మోకాలితో మోస్తారు.

ఇక్కడ మీ కారుకు అనుకూలంగా ఉన్న ఒక అంశాన్ని మీ సలహాదారులు ఎవరూ ప్రస్తావించినట్టు లేదు. కారును నిలిచిన చోటు నుంచి కదిలించేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి, కారు బరువు మీద, చక్రం వ్యాసార్ధం మీద, మొత్తం గేర్ నిష్పత్తి మీద ఆధారపడుతుంది. టీ56 మొదటి గేరు 2.66. మాన్యువల్ కామారోలో వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) నిష్పత్తి 3.42 అయితే, మీ మాజ్డాకు కంపెనీ ఇచ్చినది 4.10, అది ఇంకా మారకుండా ఉంటే, కారు బరువు కూడా కామారో కంటే రెండు, రెండున్నర వందల కిలోలు తక్కువ కాబట్టి, మొదటి గేర్‌లో క్లచ్ కదిలించవలసిన జడత్వం కామారోతో పోలిస్తే సగం దగ్గరే ఉంటుంది. పూర్తి టార్క్‌ను పట్టి ఉంచే శక్తి తగ్గకూడదు, అది నిజమే. కాని సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పడే శ్రమ విషయంలో అదే క్లచ్ మీ కారులో కామారోలో కంటే హాయిగా బతుకుతుంది. ‘వీ8 కదా, రేసు క్లచ్ కావాలి’ అన్న వాదన సగం ఇక్కడే వీగిపోతుంది.

మీ మిత్రుడు చెప్పిన ఆరు పలకల సిరామిక్ ప్లేటు రాపిడి గుణకాన్ని పెంచుతుంది. వేడిని బాగా తట్టుకుంటుంది, తక్కువ ధరలో ఎక్కువ టార్క్ మోస్తుంది. ట్రాక్‌కు ట్రైలర్ మీద తీసుకెళ్లి తెచ్చుకునే కారుకు నేను కూడా అదే చెప్పి ఉండేవాడిని. కాని అది పట్టుకుంటే ఒక్కసారిగా పట్టుకుంటుంది. మనం అలవాటుగా చేసే హాఫ్ క్లచ్ దానికి పనికిరాదు. నెమ్మదిగా కదిలే వరసలో కారు కుదుపులతో దూకుతుంది, ఫ్లైవీల్ ముఖం త్వరగా పాడవుతుంది. అంతకంటే నన్ను ఆపుతున్నది వెనక ఉన్న డిఫరెన్షియల్. 1993లో అమెరికాలో అమ్మిన ఆర్‌ఎక్స్-7 రోటరీ ఇంజన్ టార్క్ 217 పౌండ్ అడుగులే, అంటే 294 న్యూటన్ మీటర్లు. ఆ లెక్కకు తయారైన డిఫరెన్షియల్, దాని నుంచి చక్రాలకు వెళ్లే ఇరుసులు ఇప్పటికే ఒకటిన్నర రెట్లు మోస్తున్నాయి. మెత్తగా జారుతూ పట్టే క్లచ్ ఇంట్లో ఫ్యూజ్ లాగా దెబ్బను తానే తీసుకుంటుంది. గట్టిగా పట్టేది ఆ దెబ్బను యథాతథంగా వెనక్కి పంపిస్తుంది, అప్పుడు విరిగేది క్లచ్ కంటే ఖరీదైన వస్తువు. వెనక భాగాన్ని ముందే బలమైనదానితో మార్చి ఉంటే ఈ అభ్యంతరం కొంత సడలుతుంది, కుదుపుల సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

వర్క్‌షాప్ వారు చెప్పిన రెండు ప్లేట్ల క్లచ్ ముఖాల సంఖ్యను రెండు నుంచి నాలుగు చేస్తుంది. అదే బలంతో నొక్కితే రెట్టింపు టార్క్, సగం బలంతో నొక్కితే అదే టార్క్. అందుకే మంచి రెండు ప్లేట్ల క్లచ్ పెడల్ ఆశ్చర్యపోయేంత తేలికగా ఉంటుంది. సేంద్రియ రాపిడి పదార్థం ఉన్న ప్లేట్లు ఎంచుకుంటే పట్టు కూడా మెత్తగానే ఉంటుంది. మీ శ్రీమతి కూడా నడపాలన్న కోణం నుంచి చూస్తే ఇది కొట్టిపారేయదగిన సలహా కాదు. అయితే దీని ధర వెయ్యి డాలర్లు సునాయాసంగా దాటుతుంది. పెడల్ తొక్కి ఉంచినప్పుడు ప్లేట్ల మధ్య గలగల శబ్దం వస్తుంది. కొందరికి అది సంగీతం, పక్క సీట్లో కూర్చునేవారికి సాధారణంగా కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, పెడల్ తొక్కినప్పుడు ఒకటికి బదులు రెండు ప్లేట్లు విడివడాలి కనుక రిలీజ్ బేరింగ్ కదలిక మరింత కచ్చితంగా ఉండాలి. మీ రెండో ఫిర్యాదు సరిగ్గా ఈ కదలిక చాలకపోవడమే. హైడ్రాలిక్ బాగు చేయకుండా ఇది వేయిస్తే, జారడం పోయి గేర్ పడకపోవడం ఇంకా పెరుగుతుంది. అప్పుడు క్లచ్ కంపెనీని నిందించడం అన్యాయం అవుతుంది.

మూడోది ఎల్‌ఎస్7 క్లచ్. ఇది 2006లో వచ్చిన కార్వెట్ జెడ్06లోని 7 లీటర్ల ఇంజన్ కోసం తయారైంది. ఆ ఇంజన్ టార్క్ 470 పౌండ్ అడుగులు, సుమారు 637 న్యూటన్ మీటర్లు. ఆ కారును ఆఫీసుకు, ట్రాక్‌కు రెంటికీ నడుపుకుంటారని, వారంటీ కింద తిరిగి రాకూడదని ఆలోచించి చేసిన క్లచ్ ఇది. మెత్తగా పడుతుంది, ఒకే ప్లేటు, 26 పళ్ల షాఫ్ట్‌కు సరిపోతుంది. మీ కారు ఇప్పటి టార్క్‌కు ఇది దాదాపు 40 శాతం ఎక్కువ, క్యామ్ మార్చాక కూడా మిగులు ఉంటుంది. ధర వందల డాలర్లలోనే. షరతులు రెండు. దానికి సరిపోయే ఫ్లైవీల్‌తో కలిపే తీసుకోవాలి, కామారో ఫ్లైవీల్‌కు అది సరిగా కూర్చోదు. మందం తేడాల వల్ల రిలీజ్ బేరింగ్ దూరాన్ని కొలిచి, కావలిస్తే వెనక పలచని షిమ్ (సందు పూడ్చే బిళ్ల) వేయాలి. కాని ‘మిగతాదంతా దండగ’ అన్న మాటతో నేను ఏకీభవించను. పదే పదే డ్రాగ్ స్ట్రిప్ (తిన్నని పందెం దారి) మీద ఎగిరే కారుకు, రేపు సూపర్‌చార్జర్ పెట్టే కారుకు ఇది చాలదు. మీరు రాసిన వాడకానికి చాలుతుంది.

ప్లేటు ఒక్కటే మార్చి నెట్టుకురావచ్చా అన్నారు. చేయవచ్చు, కాని లాభసాటి కాదు. ఈ పనిలో అసలు ఖర్చు ప్లేటు ధర కాదు, యాభై కిలోలకు పైబడిన గేర్‌బాక్స్‌ను దించి ఎక్కించే కూలి. జారిన క్లచ్ వేడికి ఫ్లైవీల్ ముఖం నీలంగా మాడి ఉండే అవకాశం ఎక్కువ; దాని మీద కొత్త ప్లేటు వేస్తే అది కూడా అదే దారి పడుతుంది. పైగా ఇప్పుడున్న ప్రెషర్ ప్లేటు ఏ కంపెనీదో తెలియకుండా దానికి జత ప్లేటు వెతకడం గుడ్డి వ్యాపారం. వచ్చే ఏడాదే కారు అమ్మేస్తారన్న నిర్ణయం ఉంటే తప్ప ఈ దారిని నేను సమర్థించను. అమ్మేటట్టయితే కొనేవారికి సంగతి చెప్పి అమ్మండి.

అల్యూమినియం ఫ్లైవీల్ గురించి తక్కువలో చెబుతాను. ఇంజన్ చురుగ్గా పైకి లేస్తుంది, గేర్ దించేటప్పుడు బాగుంటుంది, ట్రాక్ మీద ఆనందమే. కాని కారు కదిలేటప్పుడు నిల్వ ఉన్న ఊపు తక్కువ కాబట్టి యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కి ఎక్కువసేపు హాఫ్ క్లచ్‌లో ఉంచవలసి వస్తుంది, టీ56 గేర్ల చప్పుడు కూడా బయటపడుతుంది. అడుగు నుంచే టార్క్ ఉన్న 5.7 లీటర్ల ఇంజన్‌కు, తేలికైన కారులో, దాని అవసరం నాకు కనిపించడం లేదు. ఉక్కు ఫ్లైవీల్‌తో వెళ్లండి. ట్రాక్ మీద ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతుంది కనుక ఎస్‌ఎఫ్‌ఐ (రేసు భాగాల భద్రతా ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ ఉన్నది దొరికితే మరీ మంచిది.

మోకాలి సంగతి తేల్చేది క్లచ్ ఒక్కటే కాదు, మాస్టర్ సిలిండర్ వ్యాసం కూడా. మార్పిడి చేసినవారు ముప్పాతిక అంగుళం సిలిండర్ పెట్టారో, ఎనిమిదింట ఏడు అంగుళాలది పెట్టారో చూడండి. మామూలుగా దాని ఒంటి మీదే అంకె ఉంటుంది. రెండోది మొదటిదాని కంటే 36 శాతం ఎక్కువ ద్రవాన్ని నెడుతుంది, కాలికి తగిలే బరువు కూడా అంతే పెరుగుతుంది. పెద్దది ఉంటే చిన్నదానికి మారి పెడల్‌ను తేలిక చేసుకోవచ్చు, కాని అప్పుడు కదలిక తగ్గి గేర్ పడని ఫిర్యాదు ముదరవచ్చు. చిన్నది ఉంటే పెద్దదానికి మారి కదలిక పెంచుకోవచ్చు, కాని అవసరానికి మించి నెడితే డయాఫ్రమ్ వేళ్లు పాడవుతాయి కనుక పెడల్ కింద ఆపు బిళ్ల పెట్టాలి. రెంటికీ మధ్య పదహారింట పదమూడు అంగుళాలది కూడా ఉంది, అది ముప్పాతికకు మించి 17 శాతమే ఎక్కువ నెడుతుంది. కొత్త క్లచ్‌తో ముందు ఉన్న సిలిండర్‌నే పెట్టి చూసి, పెడల్ నేలకు ఎంత ఎత్తులో వదులుతోందో గమనించి, ఆ తరువాత మార్చడం నా పద్ధతి. సీలు కారుతుంటే మాత్రం ఆగకుండా మార్చేయండి.

గేర్‌బాక్స్ కింద ఉన్న రోజు కొన్ని చిన్న ఖర్చులకు వెనకాడవద్దు. మీ గేర్‌బాక్స్‌లో రిలీజ్ బేరింగ్, దాన్ని నెట్టే స్లేవ్ సిలిండర్ ఒకే భాగంగా బెల్ హౌసింగ్ లోపల ఉంటాయి. అది రేపు కారితే మళ్లీ ఇదే పని మొత్తం చేయాలి, కాబట్టి బాగున్నట్టు కనిపించినా కొత్తది వేయించండి. బ్లీడ్ స్క్రూ చెయ్యి దూరని చోట ఉంటుంది, దానికి బయటికి వచ్చే గొట్టం ఒకటి బిగించుకుంటే ఇక ముందు గాలి తీయడం మీరే గ్యారేజీలో చేసుకోగలరు. క్రాంక్ చివర గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనను పట్టి ఉంచే పైలట్ బేరింగ్ తప్పనిసరిగా మార్చండి. అది బిగుసుకుపోతే పెడల్ పూర్తిగా తొక్కినా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, మీ రివర్స్ గరగరకు అది కూడా ఒక అనుమానితుడే. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవే వాడమని, మూడు విడతలుగా 20, 50, 100 న్యూటన్ మీటర్లకు బిగించమని చెప్పండి. బెల్ హౌసింగ్ ముఖం నుంచి డయాఫ్రమ్ వేళ్ల దాకా, గేర్‌బాక్స్ ముఖం నుంచి పూర్తిగా నొక్కిన బేరింగ్ దాకా కొలిచి, ఆ రెంటి తేడా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మధ్య, లేదా క్లచ్ తయారీదారు చెప్పిన అంకె ప్రకారం ఉందని కాగితం మీద రాసివ్వమని అడగండి. ఈ కొలత తీయడానికి విసుక్కునే వర్క్‌షాప్‌లో ఈ పని చేయించవద్దు. రెండో ఫిర్యాదు తిరిగి వస్తుందా రాదా అన్నది చాలావరకు ఈ ఒక్క అంకెలో ఉంది.

నేను మీ స్థానంలో ఉంటే, మొదట ఈ వారాంతంలో ద్రవం మార్చి, కడ్డీ వదులు చూసి, గొట్టానికి వేడి తొడుగు వేసి నడిపి చూస్తాను. దీనికి కొద్దిపాటి డాలర్లు, ఒక పూట సరిపోతాయి. జారడం ఆగితే ఈ ఏడాదికి క్లచ్ ఖర్చే వాయిదా పడుతుంది. ఆగకపోతే, అదే జరిగేటట్టుంది, ఎల్‌ఎస్7 క్లచ్, దాని ఫ్లైవీల్, పైన చెప్పిన చిన్న భాగాలతో ఒకేసారి పని ముగిస్తాను. క్యామ్‌షాఫ్ట్‌తో ఆగనని, టర్బో దాకా వెళతానని మీ మనసులో ఉంటే మాత్రం, ఇంట్లో ఆ సంగతి ఇప్పుడే చెప్పి, హైడ్రాలిక్ సరిచేసిన తరువాత సేంద్రియ ప్లేట్లున్న జంట క్లచ్ తీసుకోవడం నిజాయితీ గల మార్గం. ఆఖరి అనుమతి అన్న మాట మీద ఒక క్లచ్ కొని, రెండేళ్ల తరువాత మళ్లీ గేర్‌బాక్స్ దింపడం కంటే అదే చౌక. మీ శ్రీమతిని ఆర్డర్ పెట్టకముందే ఎల్‌ఎస్7 క్లచ్ ఉన్న ఏదైనా కారులో, వీలైతే జంట క్లచ్ ఉన్న కారులో కూడా, పెడల్ తొక్కి చూడమనండి. డాలస్ చుట్టుపక్కల కార్వెట్లకు కొదవ లేదు. ఆ రెండు పెడళ్ల మధ్య తేడా నా అంకెల కంటే ఆమె కాలే బాగా చెప్పగలదు.

క్రెసన్ ట్రాక్ రోజు సంగతి చివరిది. సేంద్రియ ప్లేటు, ఫ్లైవీల్ ఒకదానికొకటి ఒదగడానికి సుమారు 800 కిలోమీటర్లు మామూలు ఊరి డ్రైవింగ్ కావాలి. హైవే మీద ఒకే గేర్‌లో పోయిన దూరం దీనికి లెక్కకు రాదు, ఎందుకంటే ఒదిగేది క్లచ్ పట్టి వదిలినప్పుడే. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లే మీకు నెల లోపల విడిభాగాలు రావడం, పని జరగడం, ఇంత దూరం నడవడం మూడూ పూర్తి కావు. ఒదగని ప్లేటును ట్రాక్ మీద వేడెక్కిస్తే దాని ముఖం గాజులా మెరిసి మళ్లీ జారడం మొదలవుతుంది. నిర్వాహకులకు రాసి బుకింగ్‌ను తరువాతి తేదీకి మార్చుకోగలరేమో చూడండి. అది కుదరకపోతే, డబ్బు పోయినా ఈసారికి ఆర్‌ఎక్స్-7ను ఇంట్లోనే ఉంచండి.